మర్యాద నేర్చిన మాత్రల డబ్బా

మా మాత్రల డబ్బా ఒక మనిషిని చంపబోయిందని పేపర్లో రాశారు. అది పూర్తిగా అన్యాయం. డబ్బా ఎవరినీ చంపబోలేదు. మర్యాద చేసింది, అంతే. మా వైపు మర్యాదలకి తట్టుకోలేక మంచమెక్కినవాళ్ళు ఇంతకుముందు లేరా? వాళ్ళ గురించి ఏ పేపరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ మనిషి మా నాన్న, డబ్బాలో గొంతు నాది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు అందరికన్నా నాకే ఎక్కువ ఉందనుకుంటున్నాను.

నా పేరు అలివేలు. కాకినాడలో ఒక విశ్వవిద్యాలయంలో, మనుషులు యంత్రాలతో ఎలా మెలుగుతారో పరిశీలించే ప్రయోగశాలలో ఐదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ మాట చెప్పగానే చుట్టాలు "అంటే కంప్యూటర్లు బాగుచేస్తావా?" అంటారు. కాదు. కంప్యూటర్ల ముందు కూర్చున్న మనుషుల్ని చూసి రాసుకుంటాం. లిఫ్టులో ఆడగొంతు "మూడో అంతస్తు" అనగానే "థాంక్సమ్మా" అని దిగేవాళ్ళు ఎందరు, డబ్బుల్లేవని ఏటీఎం చెబితే "పర్లేదులెండి" అని దానికే ధైర్యం చెప్పి వచ్చేవాళ్ళు ఎందరు, ఇలాంటివి. నవ్వకండి. దీనికి గ్రాంటు కూడా ఇస్తారు.

మా గైడు ఓబులేసు గారిది కర్నూలు జిల్లా. మనసులో ఏముంటే అది నోట్లోంచి వచ్చేస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. నా మొదటి అధ్యాయం చదివి, "ఇది చదివి నాకు దినమంతా పాడైపాయ కదమ్మా" అన్నారు. నేనూ, ప్రోగ్రాములు రాసే ఏసుపాదం అనే సహాయకుడూ ఇద్దరం గోదావరి వైపువాళ్ళం. ఆయన ముందు రోజుకి ఇరవైసార్లు "పర్లేదు సార్" అంటూ బతుకుతుండేవాళ్ళం.

మా ప్రాజెక్టు పేరు పెద్దది, వస్తువు చిన్నది. అది ఒక మాత్రల డబ్బా. వేళకి "మాత్ర వేసుకున్నారా అండీ?" అని అడుగుతుంది. లేదంటే మూత తెరిచి గుర్తుచేస్తుంది, వేసుకున్నామంటే సంతోషించి ఊరుకుంటుంది. గొంతు మెత్తగా ఉందని నాచేతే మాటలన్నీ రికార్డు చేయించారు. ఊళ్ళో నలభైమంది పెద్దవాళ్ళ ఇళ్ళలో డబ్బాలు పెట్టాం. చివరి నిమిషంలో పదిహేడో నంబరావిడ మనసు మార్చుకుంది. ఆ ఖాళీలో మా నాన్న పేరు రాసేశాను. సొంతవాళ్ళని పెట్టకూడదని నియమం ఉంది. నాకు తెలుసు. అయినా రాశాను.

మా నాన్న వీరభద్రం తుని డిపోలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేశాడు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయాక, "నాతో వచ్చి ఉండు నాన్నా" అన్నాను. "అలాగేనమ్మా" అన్నాడు. మర్నాడే పెట్టె సర్దుకుని నేను అద్దెకుంటున్న మేడమీది వాటాకి వచ్చేశాడు. ఆయన నా మాట ఎప్పుడూ కాదనలేదు. అందుకు నేను చాలా గర్వపడేదాన్ని.

రెండు నెలల తర్వాత ఫలితాలు చూస్తే, వందసార్లు అడిగితే తొంభైఏడుసార్లు "వేసుకున్నాను" అనే జవాబొచ్చింది. నేనూ ఏసుపాదం స్వీట్లు తెప్పించాం. ఓబులేసు గారు స్వీటు ముట్టుకోలేదు.

"మనుషులు ఇంత మంచోళ్ళు కాదమ్మా. యాడో తప్పుంది" అన్నారు.

మేం నొచ్చుకున్నాం. పైకి మాత్రం "పర్లేదు సార్" అన్నాం.

ఆ తర్వాతి వారం నాన్నకి రక్తపరీక్ష చేయిస్తే షుగరు మూడువందల నలభై ఉంది. రోజూ మాత్ర వేసుకునే మనిషికి అంత ఎలా ఉంటుంది? ఇల్లంతా వెతికాను. కండక్టరు ఉద్యోగం నాటి తోలుసంచీలో, చిల్లర వేసుకునే అరలో, అరవైమూడు మాత్రలు దొరికాయి.

"ఇదేంటి నాన్నా?"

"అయ్యేసుకుంటే నోరంతా ఇనుము నాకినట్టుంటాదమ్మా."

"మరి వేసుకున్నానని డబ్బాతో ఎందుకు చెప్పావు?"

"అడిగేది నీ గొంతు గదా. లేదంటే చిన్నబుచ్చుకుంటావేమోనని."

"అది నేను కాదు నాన్నా, డబ్బా!"

"ఆ మాత్రం నాకు తెలీదేటి? అయినా పొద్దున్నే ఆడపిల్ల అంత ఇదిగా అడుగుతుంటే, లేదని ఎలాగంటాం చెప్పు?"

మిగతా ముప్ఫైతొమ్మిది ఇళ్ళకీ పరిగెత్తాం. మాత్రలు పరుపుల కింద దొరికాయి, పప్పు డబ్బాల్లో దొరికాయి. నాలుగో నంబరావిడ అన్నీ తులసికుండీలో పాతిపెట్టింది. మొక్క మాత్రం మంచి ఏపుగా ఉంది. "ఆ పిల్ల పాపం రోజూ అడుగుతుందండీ, రోజూ లేదంటే ఏం బాగుంటుంది?" అంది ఆవిడ మాతో.

ఈ సంగతి వణుకుతూ చెబితే ఓబులేసు గారు బల్ల మీద చరిచారు. "మనుషులు యంత్రానికి కూడా మొహమాటపడతాండారా! ఇది కదమ్మా పరిశోధనంటే!" అన్నారు. ఐదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే. అదీ నా ప్రయోగం నాశనమైనందుకు.

అలా మొహమాటాన్ని పట్టుకునే పట్టీ తయారీ మొదలైంది. అది మణికట్టుకి కట్టుకునే గుడ్డపట్టీ. లోపల నాడి చూసే సామగ్రి, పైన చిన్న పసుపు దీపం. దాన్ని మా క్యాంటీన్లోనే పరీక్షించాం. మా క్యాంటీన్ ఉప్మా గురించి ఒక్కమాట చెబితే చాలు. విద్యార్థి సంఘాలవాళ్ళు పోస్టర్లు అంటించడానికి దాన్నే వాడతారు. అరవైమందికి పట్టీలు కట్టి ఆ ఉప్మా తినిపించాం. వండిన మంగతాయారు గారు ఎదురుగా నిలబడి, చేతులు పమిటకి తుడుచుకుంటూ, "ఎలా ఉందండీ?" అని అడిగింది. యాభైఎనిమిదిమంది "బాగుందండి" అన్నారు. మిగిలిన ఇద్దరు తల ఊపారు. నోరు తెరవడానికి వాళ్ళకి వీలుపడలేదు.

తర్వాత ఆ అరవైమంది చేతే పక్కగదిలో కావాలని అబద్ధాలు చెప్పించి రెండూ పోల్చి చూశాం. అక్కడే దొరికింది మాకు కావలసింది. అబద్ధం చెప్పేటప్పుడు గుండె పరిగెడుతుంది. మొహమాటపడేటప్పుడు అలా కాదు, ఒక్క దెబ్బ ఆగుతుంది. ఇరుకు సందులో ఎదుటివాడికి దారివ్వడానికి మనిషి పక్కకి తప్పుకున్నట్టు, గుండె ఒక్క క్షణం తప్పుకుంటుంది. ఆ క్షణంలో పట్టీ మీద పసుపు దీపం వెలుగుతుంది. ఓబులేసు గారు మూడు నెలలపాటు పట్టీ కట్టుకుని తిరిగారు. ఒక్కసారి కూడా వెలగలేదు. పాడైపోయిందని ఏసుపాదం రెండుసార్లు విప్పి చూశాడు. పట్టీ నిక్షేపంగా ఉంది.

ఇక డబ్బాకి "వేసుకున్నాను" అన్న మాట వెనక మొహమాటం ఉందో లేదో తెలుస్తుంది. తెలిశాక ఏం చెయ్యాలి? "మీరు వేసుకోలేదు, నాకు తెలుసు" అని మొహంమీద అంటే మనవాళ్ళు డబ్బాని కాలవలో పారేస్తారు. బతిమాలాలి. నొప్పించకుండా, వదలకుండా బతిమాలాలి. ఆ విద్యలో మా జిల్లాని మించినవాళ్ళు లేరు. పెళ్ళిభోజనాల్లో వడ్డనలు రికార్డు చేసి డబ్బాకి నేర్పుదాం అన్నాను. ఆలోచన నాదే, దాచను. పదకొండు పెళ్ళిళ్ళకి వెళ్ళాం. ఏసుపాదం నాలుగు కిలోలు పెరిగాడు. డబ్బా మాత్రం అన్నీ నేర్చుకుంది. భోజనానికి ముందు క్షేమం అడగడం, నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించడం, "నా మాట కోసం" అనడం, అన్నీ నా గొంతులోనే.

పరీక్షించే రోజు ఓబులేసు గారు రికార్డులు కాసేపు విని, "వడ్డించేటప్పుడు ఆ మనిషి చాలంటే యాడ ఆపుతారమ్మా?" అని అడిగారు.

నేనూ ఏసుపాదం మొహాలు చూసుకున్నాం.

"ఆపడమేంటి సార్?" అన్నాడు ఏసుపాదం. "విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోస్తాంగదండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. పాపం, కర్నూలాయన, ఆయనకేం తెలుసు అనుకున్నాం. పదకొండు పెళ్ళిళ్ళ రికార్డుల్లో, "చాలు" అన్న మాట విని వడ్డించేవాడు వెనక్కి తగ్గిన ఘట్టం ఒక్కటంటే ఒక్కటి లేదు. లేదని మాకు తట్టనే లేదు. పైగా ఒక పూట తప్పిన మాత్రని తర్వాత ఇవ్వడానికి వీలుగా వారం మాత్రలూ, ఏడు మూతలూ డబ్బా చేతికే అప్పగించాం.

నలభైమంది చేతులకీ పట్టీలు కట్టి, కొత్త డబ్బాలు ఇళ్ళలో పెట్టాం. మొదటి రెండువారాలూ అద్భుతం. మాత్ర దాచినవాళ్ళ దీపం వెలగగానే డబ్బా బతిమాలడం మొదలుపెట్టేది. మాత్ర మింగగానే వాళ్ళ మనసు తేలికపడి దీపం ఆరిపోయేది, డబ్బా ఊరుకునేది. తులసికుండీలో ఒక్క మాత్రా లేదు. నాన్న షుగరు నూటయాభైకి దిగింది.

"పాత డబ్బా కన్నా ఇది బాగా అడుగుతుందమ్మా" అన్నాడు నాన్న. "మీ అమ్మ కూడా ఇంతలా అడగలేదు."

గ్రాంటు కొనసాగించాలో వద్దో తేల్చడానికి ముగ్గురు పెద్దలు ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి ప్రయోగశాలకి వచ్చారు. ఆపేస్తే నా ఐదేళ్ళూ గంగలో కలిసినట్టే. పట్టుచీర కట్టుకుని, గోడమీది పెద్ద తెర ముందు నిలబడ్డాను. తెరమీద నలభై గళ్ళు, ఒక్కో ఇంటికి ఒక్కో గడి. ఎవరి దీపం వెలిగినా ఆ గడి పసుపవుతుంది, మాత్ర వేసుకుంటే ఆకుపచ్చ గుర్తు పడుతుంది.

తొమ్మిదింబావుకి పదిహేడో గడి పసుపయింది.

"చూడండి సార్," అన్నాను ఉత్సాహంగా, "మొహమాటం కనిపించింది. ఇప్పుడు డబ్బా బతిమాలుతుంది."

ఆకుపచ్చ గుర్తు పడింది. పెద్దలు తలలూపారు. గడి మాత్రం పసుపుగానే ఉంది.

"ఇంకా మొహమాటం పోలేదు. అయినా డబ్బా పట్టు వదలదు, గమనించండి."

రెండో గుర్తు పడింది. పెద్దల్లో ఒకాయన చప్పట్లు కొట్టారు. మూడో గుర్తు పడేసరికి ముగ్గురూ కొట్టారు. నేను చిన్నగా వంగి నమస్కారం కూడా చేశాను. ఆ నమస్కారం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"అలివేలూ," అన్నారు ఓబులేసు గారు వెనకనుంచి. "ఈయనకి పూటకి ఎన్ని?"

"ఒకటే సార్."

"మరి మూడేంది?"

నాన్నకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. "ఏసుపాదం, నలభై డబ్బాలూ మూసెయ్! ఇప్పుడే!" అని సార్ అరుస్తున్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి ఆటో ఎక్కాను. దారంతా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. పరిశోధన ఏమైపోయినా పర్లేదు, నాన్న బతికుంటే చాలని ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న కుర్చీలో చెమటతో తడిసిపోయి, కళ్ళు తేలేసి ఉన్నాడు. కింద వాటాలో ఉండే బేబమ్మ గారు గ్లాసుతో పంచదార నీళ్ళు తాగిస్తోంది. డబ్బా మూతలన్నీ మూసుకుపోయి ఉన్నాయి గానీ గొంతు మాత్రం ఆగలేదు. బల్లమీంచి నా గొంతే నాకు వినిపిస్తోంది.

"ఇదొక్కటేనండీ. ఇదొక్కటీ వేసుకుంటే ఇంకడగను. నా మాట కోసం."

"నువ్వు ఇంట్లో ఏడుస్తున్నావనుకుని పైకొచ్చేనమ్మా," అంది బేబమ్మ గారు. "తీరా చూస్తే నువ్వు లేవు, నీ గొంతే ఉంది. కొత్తమనిషి వచ్చిందని తెలిసిందో ఏంటో, నన్ను కూడా ఒకటి వేసుకోమంది."

"మీరు వేసుకోలేదు కదా?"

బేబమ్మ గారు తలదించుకుంది.

"అంతలా అడుగుతుంటేనూ..."

ఇద్దరినీ అదే ఆటోలో ఎక్కించాను. వెళ్ళేముందు డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేశాను. లోపల్నుంచి కూడా అడుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో చూస్తే నాన్న షుగరు నలభైఆరుకి పడిపోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. బేబమ్మ గారు తాగించిన పంచదార నీళ్ళే కాపాడాయి. సెలైను పెట్టారు. ఇద్దరికీ పక్కపక్కనే మంచాలిచ్చారు. మధ్యాహ్నానికి నాన్న లేచి కూర్చుని ఆకలన్నాడు. డాక్టరు కాగితం పట్టుకుని వచ్చారు.

"మూడు మాత్రలు ఎందుకు వేసుకున్నారండీ?"

"బతిమాలిందండి," అన్నాడు నాన్న.

డాక్టరు ఆ మాట కాగితంమీద ఎలా రాయాలో తెలియక కాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

ఆయన వెళ్ళాక ఏసుపాదం పంపిన వివరాలు ఫోనులో చూశాను. నాన్న మొదటి మాత్ర నిజంగానే వేసుకున్నాడు. చాలని నాలుగుసార్లు చెప్పాడు. మరి దీపం ఎందుకు ఆరలేదు? పైకి జరిపి చూస్తే అది మాత్ర దగ్గర వెలగనే లేదు. అంతకు ముందే, తొమ్మిదింబావుకి డబ్బా పెళ్ళివారిలా "బాగున్నారా అండీ? ఇక్కడంతా సౌకర్యంగా ఉందా?" అని అడిగినప్పుడు వెలిగింది. "బాగుందమ్మా" అన్నాడు నాన్న. అప్పుడు ఆగింది ఆయన గుండె, ఒక్క దెబ్బ. రెండువారాల రికార్డులు వెనక్కి తిప్పాను. రోజూ ఆ ప్రశ్న దగ్గరే వెలుగుతోంది. మిగతా రోజుల్లో కాసేపటికి ఆరిపోయింది, ఈవేళ ఆరలేదు. ఈ మనిషికి ఇంకా ఏదో కావాలని డబ్బాకి అర్థమైంది. కానీ దాని దగ్గర ఇవ్వడానికి మాత్రలు తప్ప ఇంకేం ఉన్నాయి?

మంచం పక్కన కూర్చున్నాను. పట్టీ ఇంకా ఆయన చేతికే ఉంది.

"నాన్నా, నా దగ్గర నీకు ఏం బాగోలేదు?"

"బానే ఉందమ్మా. నాకేటి లోటు?"

పసుపు దీపం వెలిగింది. నేను చూశాను, నాన్న చూశాడు, పక్కమంచం మీంచి బేబమ్మ గారు మెడ చాపి చూసింది. నాన్న చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. పల్చటి దుప్పటి, అందులోంచి కూడా వెలుగు కనిపిస్తోంది.

"చెప్పెయ్యండి అన్నయ్య గారూ, ఇంక దాచి ఏం లాభం?" అంది ఆవిడ.

నాన్న గోడకేసి తిరిగి చెప్పాడు.

"పొద్దున్న అప్పలకొండ ఫోన్ చేసేడమ్మా. నాతో పన్జేసిన డ్రైవరు, నీకు తెలుసు గదా. ఆడూ మా డిపోలోనే చేసిన సన్యాసినాయుడూ కలిసి తుని డిపో ఎదురుగా ఇల్లు తీసుకున్నారు. ఓ గది ఖాళీగా ఉందంట. రోజూ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద కూకుని, వచ్చేపోయేవోళ్ళకి బస్సులు చెప్తారంట. ఎవరూ అడక్కపోయినా చెప్తారంట. నాకు ఎల్లాలనుందమ్మా. ఇక్కడ నాకేం తోచట్లేదు. కిటికీలోంచి ఒక్క బస్సైనా కనపడదు."

"మరి నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా చెప్పలేదేంటి నాన్నా?"

"నువ్వు ఉండమని అంత ప్రేమగా అడిగేవు. కాదంటే ఏమనుకుంటావో. ఒక్కదానివీ అయిపోతావని కూడాను."

నాకు ఏడుపాగలేదు. నలభైమంది మనసులు చదవడానికి యంత్రం చేశాను గానీ, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి మొహం చదవలేదు. నేనంటే ఆయనకి ప్రేమ అనుకున్నాను. ప్రేమే. కానీ దానిమీద పేరుకున్న మొహమాటం ఎంతుందో నాకు తెలియనే లేదు.

"నువ్వు నాతో ఉండటం నాకు నిజంగా ఇష్టమే నాన్నా. మొహమాటానికి కాదు," అన్నాను.

నాన్న పట్టీ విప్పి నా చేతికి కట్టాడు. మంచం మీద కాస్త ముందుకు జరిగి, టికెట్టు అడిగేటప్పటిలా నా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు చెప్పు."

"నువ్వు నాతో ఉండటం నాకు ఇష్టం."

దీపం వెలగలేదు. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ.

"ఆదివారం కూడా పొద్దున్న ఐదింటికి కాఫీకి లేపుతాను గదా. అదో?"

"అది కూడా ఇష్టమే."

పసుపు.

"నువ్వొచ్చేదాకా నేను తినకుండా కూకుంటాను గదా?"

"ఇష్టమే నాన్నా..."

పసుపు. నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. సెలైను సీసా ఊగిపోయేలా నవ్వాడు. "నా కాగితాలు సర్దుతావు కదా, అది కూడా ఇష్టం" అని నేనే అంటే మళ్ళీ వెలిగింది. ఇంక నేనూ నవ్వాను. బేబమ్మ గారు పగలబడి నవ్వుతూ, తనకీ ఒక పట్టీ కావాలంది, వాళ్ళ కోడలి చేతికి కట్టడానికి. నర్సు వచ్చి ముగ్గురినీ కోప్పడింది.

విచారణ సంఘం తర్వాతి సోమవారం కూర్చుంది. "ఎవరి తప్పూ కాదులెండి, ఏదో అలా జరిగిపోయింది" అని అధ్యక్షులవారు కప్పిపుచ్చబోయారు. "మాదే తప్పు. రాసుకోండి" అన్నారు ఓబులేసు గారు. నేను లేచి, నాన్న పేరు నేనే చేర్చానని, "చాలు" అంటే ఆగాలని డబ్బాకి నేర్పడం మేమే మర్చిపోయామని, సార్ అడిగితే నవ్వామని కూడా చెప్పాను. గ్రాంటు ఏడాదిపాటు ఆపేశారు. నా పట్టా ఇంకో రెండేళ్ళు వెనక్కిపోయింది. మిగతా ఇళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటేనే నిద్రపట్టేది.

ఇప్పటి డబ్బా మొదటి "చాలు"కే ఆగిపోతుంది. పూటకి ఒక్క మూత తప్ప దాని చేతిలో ఏమీ లేదు. డాక్టర్ల అనుమతితో పదిమంది ఇళ్ళలో పెడితే, వాళ్ళలో ఏడుగురు ఫోను చేసి, "అమ్మాయికి మామీద కోపం వచ్చిందా? రెండోసారి అడగట్లేదేంటి?" అని అడిగారు. వందకి అరవైఒక్కసార్లు మాత్రమే మాత్ర వేసుకుంటున్నారు. కానీ ఆ అరవైఒకటీ నిజం. ఆ లెక్క చూసి ఓబులేసు గారు మొదటిసారి స్వీటు తిన్నారు.

నాన్న తుని వెళ్ళిపోయాడు. మాత్రల సంగతి అప్పలకొండ బాబాయి చూసుకుంటున్నాడు. ఆయన దగ్గర బతిమాలడాలూ గట్రా ఏమీ లేవు. మింగేదాకా టీ ఇవ్వడు. నేను వరసగా మూడు ఆదివారాలు క్యారేజీ పట్టుకుని వెళ్ళొచ్చాను. నాలుగో శనివారం మధ్యాహ్నం ఫోను చేసి, "రేపు పనసపొట్టు కూర చేసి తెస్తున్నాను నాన్నా" అన్నాను.

"వద్దమ్మా" అన్నాడు.

"ఎంతసేపు నాన్నా, రెండుగంటల ప్రయాణం. నాకేం శ్రమ కాదు."

"శ్రమని కాదు. రేపు మేం ముగ్గురం మొదటి బస్సుకి లంబసింగి పోతన్నాం. నువ్వొస్తే నేను ఆగిపోవాల. నాకు ఎల్లాలనుంది. రేపు రాకు."

రాకు అన్నాడు మా నాన్న, నాతో. నాకు ముప్ఫై ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

బాధేసింది. గుండె చివుక్కుమంది. ఈసారి నా దగ్గర పట్టీ కూడా లేదు, చూసుకోవడానికి. "ఒక్కపూటే కదా నాన్నా, నా మాట కోసం" అన్న మాట గొంతుదాకా వచ్చేసింది. ఆ రాగం, ఆ నొచ్చుకోవడం, అంతా సిద్ధంగా ఉంది. నేను అడిగితే ఆయన లంబసింగి మానేస్తాడని నాకు తెలుసు. అవతల ఆయన కూడా ఫోను పట్టుకుని, నేను అడుగుతానేమోనని ఊపిరి బిగబట్టి వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

"సరే నాన్నా" అన్నాను. రెండోసారి అడగలేదు.